వంతెన మీదే చేరిపోయే బండి

ఆ అంబులెన్స్ డ్రైవర్‌ను ఆఫీసులో ఎవరూ పేరు పెట్టి పిలవరు. "పదహారూ, తాళాలు తీసుకో", "పదహారూ, టీ తాగావా", అంతే. అక్కడి గోడకు నెలనెలా ఒక పట్టిక అంటిస్తారు. ఫోన్ వచ్చిన క్షణం నుంచి రోగి గడప ముందు బండి ఆగేదాకా ఏ డ్రైవర్‌కు సగటున ఎన్ని నిమిషాలు పట్టిందో అందులో ఉంటుంది. తొమ్మిదేళ్లుగా ఇతని పేరుకు ఎదురుగా ఉన్నది పదహారు. పట్నంలో నున్నటి రోడ్ల మీద, వీధికో ఆసుపత్రి పెట్టుకుని తిరిగే నాలుగు బళ్లకు పంతొమ్మిది. కొండల అవతలి ఏడు ఊళ్లకూ ఉన్న ఒకే ఒక్క బండిని నడిపే ఇతనికి పదహారు. ఇదెలా సాధ్యమని అడిగే తెలివి ఆ ఆఫీసులో ఎవరికీ లేదనకండి. ఉంది. దానితో ఎవరికీ అవసరం పడలేదు, అంతే.

మనిషి మాత్రం మంచివాడు. పొద్దున్నే అద్దం తుడుస్తాడు, నాలుగు టైర్లనూ ఎడమ కాలితో ఒక్కో తన్ను తన్ని పలకరిస్తాడు. ఖాళీ బండితో వెళ్తున్నప్పుడు సైరన్ వేసి దారి అడగడం దొంగతనమంత తప్పనుకుంటాడు. అతనికున్న జబ్బల్లా ఒక్కటే, పైవాళ్లంటే భయం. ఇంట్లో ఉన్నప్పుడు ఆఫీసర్ ఫోన్ చేసినా లేచి నిలబడి మాట్లాడతాడు. ఒకసారి స్నానాల గదిలో ఉండగా ఫోన్ వస్తే, ఒంటికి తువ్వాలు చుట్టుకుని, సబ్బు నురగతోనే నిటారుగా నిలబడి "సార్, సార్" అంటుంటే, పెళ్లాం తలుపు సందులోంచి చూసి, "కాస్త నుదుటికి చెయ్యి కూడా పెట్టండి, కనబడుతుంది ఆయనకి" అంది.

ఇక ఆ ఆఫీసరు. ఆయన్ను అందరూ వెనకాల పట్టికలాయన అంటారు. ఆయన గదిలో గోడంత పటం ఉంది. బండి త్వరగా చేరే చోట్లకు ఆకుపచ్చ రంగు, ఆలస్యమైతే ఎరుపు. రంగులు ఆయనే స్వయంగా, స్కేలు పెట్టి మరీ వేస్తాడు. ఆ పటంలో కొండల అవతలి ఏడు ఊళ్లూ లేత మొక్కల్లా పచ్చగా ఉంటాయి. ఆ పచ్చదనం వెనక ఉన్నది ఒక బటన్.

బండిలో స్టీరింగ్ పక్కన చిన్న తెర ఒకటి ఉంటుంది. బయల్దేరగానే ఒక బటన్, రోగి దగ్గరికి వెళ్లగానే "చేరాను" అనే బటన్ నొక్కాలి. పట్నం చివరనున్న షెడ్డు నుంచి ఏటి వంతెన దాకా రోడ్డు బాగానే ఉంటుంది. వంతెన దాటిందంటే ముప్ఫై ఎనిమిది కిలోమీటర్ల కొండదారి, ఎద్దు వెన్నులా ఎగుడుదిగుడు. ఆ తెరకు అక్కడ సిగ్నల్ సున్నా. డ్రైవర్ కొత్తలో నిజాయితీగా ఊళ్లోకి వెళ్లాకే నొక్కాడు. నొక్కినది తెర కడుపులోనే ఉండిపోయి, రోగిని ఎక్కించుకుని తిరిగి వంతెన దగ్గరికి వచ్చాక కక్కింది. పట్టికలో "చేరడానికి పట్టిన సమయం: మూడు గంటల పది నిమిషాలు" అని పడింది. పట్టికలాయన పిలిపించాడు.

"మూడు గంటలేంటయ్యా? బండిని భుజాన వేసుకుని వెళ్లావా?"

"వంతెన దాటితే సిగ్నల్ ఉండదు సార్."

"వంతెన మీద ఉంటుందా?"

"ఉంటుంది సార్."

"మరి ఉన్నచోటే నొక్కు. లేనిచోటే నొక్కుతానని నీకెందుకు పంతం?"

దాంతో పాటు ఒక మెమో చేతిలో పెట్టాడు. డ్రైవర్ మెమోను నాలుగు మడతలు పెట్టి, ఇంటికి తెచ్చి, బియ్యం డబ్బా అడుగున దాచాడు. ఆ మర్నాటి నుంచి వంతెన మధ్యకు రాగానే అతని వేలు దానంతటదే లేచి "చేరాను" నొక్కడం మొదలుపెట్టింది. షెడ్డు నుంచి వంతెనకు సరిగ్గా పదహారు నిమిషాలు. రోగి ఎక్కడున్నా, అంబులెన్స్ మాత్రం వంతెన మీదే చేరిపోయేది.

ఐదో ఏట "అతి వేగంగా చేరిన డ్రైవర్" అని యోగ్యతాపత్రం ఇచ్చారు. ఫొటో తీశారు. ఫొటో నిండా పట్టికలాయన నవ్వే ఉంది. ఆయన భుజం వెనక డ్రైవర్ చెవి, చెంప ముక్క పడ్డాయి. దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంటే, చూడ్డానికి వచ్చిన వాళ్లందరికీ పెళ్లాం, "అదిగో, ఆ చెవి మాదే" అని చూపించేది.

వంతెన అవతలి ఏడు ఊళ్లలో ఒకటి డ్రైవర్ అక్కను ఇచ్చిన ఊరు. బావ వడ్రంగి. అక్క ఆ ఏడు ఊళ్ల సంఘానికి కార్యదర్శి. అంటే సభలు జరిగితే తీర్మానాల పుస్తకం రాసే పని. దస్తూరి బాగుంటుందని ఆవిడకి అంటగట్టారు. నోరు కూడా బాగుంటుందని తర్వాత తెలిసింది. ఆ ఊళ్లో ఫోన్లకు వేరే కంపెనీ సిగ్నల్ కాస్త అందుతుంది. మెసేజ్‌లు ఇంట్లోకీ వస్తాయి, మాట్లాడాలంటే మాత్రం బడి మెట్ల మీద నిలబడాల్సిందే.

బటన్ సంగతిలో డ్రైవర్‌కు తెలియనిది ఒకటుంది. అతను "చేరాను" నొక్కగానే, ఫోన్ చేసి బండిని పిలిచిన మనిషికి ఆఫీసు నుంచి ఒక మెసేజ్ వెళ్తుంది. "మీరు కోరిన అంబులెన్స్ మీ వద్దకు చేరినది. మా సేవతో తృప్తి చెందారా? అయిదు నక్షత్రాలలో ఎన్ని ఇస్తారు?" ఆ ఊళ్ల వాళ్లు మొదట్లో ఈ మెసేజ్ చూసి వాకిట్లోకి పరుగెత్తేవారు. ఖాళీ రోడ్డు కనబడేది. మెల్లగా దాని అర్థం నేర్చుకున్నారు. చేరినదంటే వంతెన మీదున్నదని. ఇంకా గంటా పావు ఉందని. రోగికి బట్టలు మార్చడం, పశువుల్ని పక్కింటికి అప్పజెప్పడం ఆ మెసేజ్ వచ్చాకే పెట్టుకునేవారు. పట్నంలో ఆ మెసేజ్ చూసి తలుపు తీస్తారు. ఇక్కడ చూసి పొయ్యి ఆర్పుతారు.

రెండేళ్ల కిందట ఒక మిట్టమధ్యాహ్నం బావ కిటికీ చట్రానికి చిత్రిక పడుతూ పడుతూ, చిత్రిక జారవిడిచి పక్కకు ఒరిగిపోయాడు. మూతి వంకరపోయింది. అక్క బడి మెట్ల దాకా పరుగెత్తి ఫోన్ చేసింది. పదిహేడో నిమిషాన మెసేజ్ వచ్చింది. అందరికీ దాని అర్థం విడమరిచి చెప్పే మనిషే, ఆ ఒక్క రోజు అక్షరాలా నమ్మింది. "బండి వచ్చేసింది, పట్టండి" అని ఇద్దరిని కేకేసి, బావను ఆయన చేసిన బల్ల మీదే పడుకోబెట్టి రోడ్డు మీదికి మోయించింది. ఎండలో గంటా పదమూడు నిమిషాలు గొడుగు పట్టుకుని నిలబడింది. అప్పుడొచ్చాడు తమ్ముడు, చెమటలు కక్కుకుంటూ, ఈ ప్రపంచంలో తనకన్నా వేగంగా ఎవరూ రాలేరన్నంత వేగంగా.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యి దక్కలేదు. "ఒక్క గంట ముందు తెచ్చి ఉంటే" అని డాక్టరు ఏదో అనబోయి, వీళ్ల మొహాలు చూసి ఆపేశాడు. ఆసుపత్రి వరండాలో అక్క ఫోన్ తీసి తమ్ముడికి ఆ మెసేజ్ చూపించింది. అతను రెండుసార్లు చదివాడు. సమయం చూశాడు. తన వేలు చూసుకున్నాడు.

"నాకు తెలీదక్కా ఇది వెళ్తుందని."

"ఇప్పుడు తెలిసిందిగా. ఇక నొక్కకు."

"మెమో ఇస్తారే."

"మెమోకి ఏ చెయ్యి పడిపోతుందిరా?"

అతను బండి తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు కూడా వంతెన మీద నొక్కాడు. ఇందులో దాచడానికేం లేదు. భయం అలాంటిది, సిగ్గుతో కలిసి ఒకే గదిలో కాపురం చెయ్యగలదు. అక్క రెండు నెలలు మాట్లాడలేదు. బావ మాత్రం ఎడమ చేత్తో మేకులు కొట్టడం నేర్చుకుంటూ, వంకర కొట్టినప్పుడల్లా, "బామ్మర్దీ, ఈ మేకు కూడా వంతెన మీదే చేరిపోయిందయ్యా" అనేవాడు.

ఈలోగా శాఖకు కొత్త అంబులెన్స్ ఒకటి వచ్చింది. మా ఊళ్లోనే ఒక బండి పెట్టండి అని ఏడు ఊళ్ల సంఘం ఆరేళ్లుగా అర్జీలు పెడుతోంది. పట్టికలాయన పటం ముందు నిలబడి, గుమస్తాకు తీర్పు చెప్పాడు.

"వంతెన అవతల సగటు పదహారు. పట్నంలో పంతొమ్మిది. న్యాయంగా చూస్తే ఎవరికివ్వాలి?"

"పట్నానికే సార్" అన్నాడు గుమస్తా. పట్నంలో కూడా ఎక్కడ? పెద్ద దుకాణాల వీధిలో, ఉన్న బండికి రెండు వీధుల పక్కన. కడుపు నిండినవాడికి మారు వడ్డించి, విస్తరి ముందు ఖాళీగా కూర్చున్నవాడిని "నీకు అరిగిపోయింది" అనడమే ఆయన దృష్టిలో న్యాయం. అయితే అర్జీ తోసిపుచ్చే ముందు ఆ ఊరికే వెళ్లి సభ జరపాలని, అక్కడి తీర్మానాల పుస్తకంలో సంతకం పెట్టాలని నిబంధన ఉంది. సరే, పదకొండింటికి బడి వరండాలో సభ అని కబురు పంపాడు.

ఆ రోజు అంబులెన్స్‌లోనే వస్తానని కూడా ఊరికి చెప్పించాడు. తన శాఖ వేగం స్వయంగా చూపించడానికట.

"పది నలభైకి బయల్దేరదాం. నాలుగు నిమిషాలు ముందే ఉంటాం."

డ్రైవర్ నసిగాడు. "సార్, కొంచెం ముందుగా, అంటే ఓ తొమ్మిదింటికి..."

"నీ సగటెంత?"

"పదహారు సార్."

"మరి?"

తొమ్మిదేళ్ల పదహారు గొంతుకు అడ్డం పడ్డాక మనిషి ఏం మాట్లాడతాడు? తల ఊపాడు. ఇంతలో గుమస్తా గుర్తుచేశాడు: కేసు లేకుండా బండి షెడ్డు దాటకూడదు. ఎవరిదైనా ఫోన్ నంబర్ మీద కేసు తెరవాలి.

"అక్కడివాళ్ల నంబర్ ఏదో ఒకటి చెప్పవయ్యా."

డ్రైవర్‌కు నోటికొచ్చిన నంబర్ ఒక్కటే. అక్కది.

"రోగం ఏం రాయమంటారు సార్?" అన్నాడు గుమస్తా.

"సాధారణ బలహీనత అని రాయి."

"మరి దారిలో నిజం కేసు వస్తే సార్?" అన్నాడు డ్రైవర్, సన్నగా.

"అందరికీ ఇవాళే రావాలా?" అన్నాడు పట్టికలాయన, ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంటూ. ఏడు ఊళ్లకూ ఉన్న ఒక్క బండీ ఆ విధంగా ఒక ఆఫీసరును, ఒక గుమస్తాను, మూడు ఫైళ్లను ఎక్కించుకుని అత్యవసరంగా బయల్దేరింది.

వంతెన వచ్చింది. అలవాటు చొప్పున వేలు లేచింది. ఎందుకో డ్రైవర్‌కు గొడుగు పట్టుకుని నిలబడ్డ అక్క కనబడింది. ఈ మెసేజ్ ఇప్పుడు వెళ్లేది ఆ ఫోన్‌కే. వేలును మళ్లీ స్టీరింగ్ మీద పెట్టేసుకున్నాడు.

"నొక్కవేం? ఇది దాటితే సిగ్నల్ ఉండదుగా" అన్నాడు పట్టికలాయన. అన్నీ తెలిసిన మనిషే.

"ఇంకా చేరలేదు కద సార్."

ఉద్యోగంలో చేరాక ఒక పైవాడికి అతను చెప్పిన మొదటి ఎదురుమాట అది. చెవులు వేడెక్కాయి. పట్టికలాయన అతని వైపు వింతగా చూసి, "ఇప్పుడు గుర్తొచ్చిందా?" అని చెయ్యి చాపి, తన వేలితో తనే నొక్కాడు. తెర మీద పది యాభై ఆరు అని పడింది.

"చూశావా, పదహారు! లెక్కంటే ఇలా ఉండాలి."

ఆ తర్వాత రోడ్డు మొదలైంది.

మొదటి మలుపులో ఆయన చేతిలోని ఫైలు ఎగిరింది. మూడో మలుపులో, "ఇంకెంత దూరం?" అన్నాడు.

"ఇప్పుడే బయల్దేరాం సార్."

ఏడో మలుపులో వెనక గుమస్తా, రోగుల వాంతుల కోసం పెట్టిన సంచిని వాడుకున్నాడు. పదకొండుకు ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. పదకొండున్నరకు చూసుకోవడం మానేసి, తల పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు. సాధారణ బలహీనత అని రాసిన కేసు అబద్ధం కాకుండా పోయింది.

బడి ముందు బండి ఆగేసరికి పన్నెండూ తొమ్మిది. వరండా నిండా జనం. ఎవరూ ఎదురు రాలేదు. మధ్యలో ఒక కుర్చీ, ముందు మూత పెట్టిన నీళ్ల గ్లాసు. కుర్చీ ఖాళీ. దాని పక్కనే అక్క కలం మూసి, తీర్మానాల పుస్తకం మూయబోతోంది. బావ ఎడమ చేత్తో టీ తాగుతున్నాడు.

"సభ మొదలుపెడదామా" అన్నాడు పట్టికలాయన, జుట్టు సర్దుకుంటూ.

"అయిపోయింది సార్" అంది అక్క.

"ఏమయిపోయింది?"

అక్క పుస్తకం తెరిచి, ఎవరికీ తొందర లేదన్నట్టు చదివింది.

"'ఈ దినము ఉదయం పది గంటల యాభై ఆరు నిమిషములకు అధికారి గారి బండి మా వద్దకు చేరినట్లు వారి కార్యాలయము నుండియే రాతపూర్వకముగా కబురు అందినది. పదకొండింటికి సభ ప్రారంభమైనది. ఏడు ఊళ్లవారు తమ ఇబ్బందులు చెప్పుకొనగా, అధికారి గారు సాంతము మౌనముగా ఆలకించిరి. బండిని ఈ ఊరనే ఉంచవలెనని తీర్మానింపగా, వారు ఒక్క అభ్యంతరమైనను తెలుపలేదు.' ఇక్కడ మీ సంతకం సార్."

వెనక వరుసలో ఎవరో దగ్గుతో నవ్వు మింగారు.

"నేను లేనుగా!" అని అరిచాడు పట్టికలాయన. "ఏం తమాషాగా ఉందా? అప్పటికి నేను..." ఆగాడు.

అక్క ఫోన్ ఆయన ముందు పెట్టింది. "మీ ఆఫీసు మెసేజే సార్. మీరు చేరారట, నక్షత్రాలు కూడా అడిగారు. మా మాట ఎటూ నమ్మరు. మీ మాట కూడా మీరే నమ్మకపోతే ఎలా? పోనీ, లేనని రాసివ్వండి. పది యాభై ఆరుకి బండి చేరలేదు, పన్నెండూ తొమ్మిదికి చేరింది అని రెండు ముక్కలు. ఈ పేజీ మీ ముందే కొట్టేస్తాను. సభ మళ్లీ మొదటినుంచి పెట్టుకుందాం."

ఆయన విసురుగా కలం తీశాడు. గుమస్తా పాలిపోయిన మొహంతోనే చెవిలో గొణిగాడు: "సార్, అలా రాస్తే పదహారు పోతుంది. తొమ్మిదేళ్ల పట్టికలు, పటం, అన్నీ..."

కలం గాల్లో ఆగిపోయింది. అప్పుడాయన చూపు డ్రైవర్ మీద పడింది. ఎప్పుడూ చేతికి అందుబాటులో ఉండే మనిషి కదా.

"వీడి పని! వీడే తప్పు నొక్కాడు. దీనికి శాఖకు సంబంధం లేదు."

అందరూ డ్రైవర్ వైపు తిరిగారు. అతను అలవాటుగా నిటారుగా నిలబడ్డాడు. "సార్" అని రెండుసార్లు అన్నాడు. ఇక అంతేననుకుంది అక్క. పుస్తకం మీద చెయ్యి వేసుకుని కిందికి చూసింది.

"తొమ్మిదేళ్లూ నేనే నొక్కాను సార్" అన్నాడు డ్రైవర్. "వంతెన మీదే నొక్కాను. మా బావ ఈ రోడ్డు మీద బల్ల మీద పడి ఉన్న రోజు కూడా అక్కడే నొక్కాను. వీళ్లందరి దగ్గరికీ రాకుండానే వచ్చానన్నాను." బండి వైపు చెయ్యి చూపించాడు. "ఇవాళ మాత్రం నేను కాదు. ఇవాళ సార్ నొక్కారు."

పట్టికలాయన గుమస్తా వైపు చూశాడు. గుమస్తా బడి కప్పు వైపు చూశాడు. కప్పులో చూడదగిందేమీ లేదు, అయినా చాలాసేపు చూశాడు.

వరండాలో ఎవరూ నవ్వలేదు. బావ టీ గ్లాసు కింద పెట్టి, "కూర్చో బామ్మర్దీ, నిలబడింది చాల్లే" అన్నాడు.

పట్టికలాయన ముందిప్పుడు రెండే దారులు. ఆలస్యంగా వచ్చానని రాయడమా, రాని వేళకే వచ్చానని ఒప్పుకోవడమా. నిజం రాయడానికి రెండు వాక్యాలు చాలు, కానీ తొమ్మిదేళ్ల ఆకుపచ్చ రంగు కడిగెయ్యాలి. ఆయన ఎక్కువసేపు ఆలోచించలేదు. తాను లేని సభలో, తాను వినని మాటలకు, తనకు ఇష్టం లేని తీర్మానం కింద చక్కగా సంతకం పెట్టాడు. పక్కన తన చేత్తోనే 10.56 అని వేశాడు. బండి పోయినా పరవాలేదు, పదహారు దక్కాలి. అలాంటివాళ్ల చేతిలోనే ఉంటాయి పటాలన్నీ.

బండెక్కుతుంటే బావ వెనక నుంచి అడిగాడు: "తిరిగి వెళ్లేది కూడా పదహారేనా సార్?"

నాలుగు నెలలకు బండి వచ్చింది. కొత్తది కాదు లెండి. కొత్తది దుకాణాల వీధికే వెళ్లింది, అక్కడి పాతదాన్ని ఇక్కడికి తోలారు. దాని వెనక తలుపు బయటి నుంచి కొక్కెం వేస్తే తప్ప నిలవదు. బావ ఒంటిచేత్తో దానికో చెక్క గడియ బిగించాడు. దాంతోపాటు మన డ్రైవర్‌కూ ఉత్తర్వు వచ్చింది: "క్రమశిక్షణ చర్యగా వంతెన అవతలికి బదిలీ." శిక్ష అని రాసినవాళ్లు, వంతెన అవతల ఉండటమే ఒక శిక్షని తమంతట తామే కాగితం మీద ఒప్పుకున్నారు. పెళ్లాం సామాన్లు సర్దింది. ఫ్రేము మాత్రం గోడకే వదిలేసింది. "ఆ చెవిని ఇక్కడే ఉండనీండి. ఇంతకాలం దానికి వినబడలేదుగా" అంది.

కొత్త షెడ్డులో మొదటి కేసు కింది ఊరి ముసలావిడది. కాలు జారి తుంటి విరిగింది. కోడలు ఫోన్ చేసింది. డ్రైవర్ పదకొండు నిమిషాల్లో గడప ముందు ఆగాడు. ఆవిడను మెల్లగా ఎక్కించి, తోడుగా కోడలినీ కూర్చోబెట్టి, బావ చేసిన గడియ వేసి బయల్దేరాడు. "చేరాను" నొక్కితే తెర ఎప్పటిలా మింగేసింది. పట్నం దారి ఆ కొండల మీదుగానే కదా, నొక్కింది బయటపడాలంటే వంతెన రావాల్సిందే.

వంతెన మీదికి రాగానే, వెనక కోడలి ఫోన్ మోగింది. ఆవిడ పైకే చదివింది: "మీరు కోరిన అంబులెన్స్ మీ వద్దకు చేరినది."

పడుకున్న ముసలావిడ మూలుగు ఆపి కళ్లు తెరిచింది. "ఇంకోటి ఎందుకే? ఇదుందిగా! వెనక్కి పొమ్మని చెప్పు" అంది.